నీళ్ళ మంచం పక్కన నోరు మూసుకున్న రోజు

నన్ను టవళ్ళ దగ్గర కూర్చోబెట్టింది ఒక బుధవారం ఉదయం. బయట బెంచీ మీద ఏడుగురు పేషెంట్లు ఉన్నారు. వాళ్ళందరి ముందూ డాక్టరుగారు అన్నారు, "అంకుల్‌జీ, ఆజ్ సే ఆప్ పేషెంట్ సే బాత్ నహీ కరేంగే." పేషెంట్లతో ఇక మాట్లాడొద్దు, టవళ్ళూ దుప్పట్లూ దిండు గలీబులూ చూసుకుంటే చాలు అని. ఏడుగురిలో ఇద్దరు నవ్వారు. అందులో ఒకాయన కూరగాయల మార్కెట్లో కనబడితే నేను ఈరోజుకీ అవతలి వరసలోకి వెళ్ళిపోతాను.

ఫిజియోథెరపీ పనిలోకి, మాలిష్ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను అప్పుడప్పుడు అనుభవాలు చెప్పమని అడుగుతుంటారు. గొప్పగా చెప్పుకోదగ్గవి నా దగ్గర కొన్ని ఉన్నాయి. అవి చాలాసార్లు చెప్పాను, అడగకపోయినా చెప్పాను. ఇది మాత్రం ఎవరికీ చెప్పలేదు. మీలో ఎవరికైనా పనికొస్తుందేమోనని ఇప్పుడు రాస్తున్నాను.

భిలాయి స్టీల్ ప్లాంటు ఆస్పత్రిలో ముప్ఫై రెండేళ్ళు ఫిజియోథెరపీ టెక్నీషియన్‌గా చేశాను. ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నదంతా ఒక్క మాటలో చెప్పాలంటే, ప్లాంటు మనిషి తన నొప్పి గురించి నిజం చెప్పడు. అబద్ధాలకోరు అయి కాదు. భయంతో. చేతులు తిమ్మిరిగా ఉన్నాయని క్రేన్ ఆపరేటర్ ఒక్కసారి కాగితం మీద ఒప్పుకుంటే, మర్నాడు అతన్ని క్రేన్ దింపేస్తారు. లైట్ డ్యూటీ అంటారు. తోటివాళ్ళు "ఏటోయ్, కుర్చీ దొరికిందట" అని ఏడిపిస్తారు. అందుకని కళ్ళు తిరుగుతున్నా, కాళ్ళు లాగుతున్నా అందరిదీ ఒకటే జవాబు: "కుచ్ నహీ, సబ్ ఠీక్." ఏమీ లేదు, అంతా బాగానే ఉంది అని. రిటైరై పదేళ్ళయినా ఆ జవాబు మారదు. నోటికి అలవాటైపోయింది.

కాబట్టి నేను అడిగేవాణ్ణి కాదు, చూసేవాణ్ణి. చొక్కా గుండీ ఎలా పెట్టుకుంటున్నాడు? మెట్టు దిగేటప్పుడు కిందకి చూస్తున్నాడా? చేతికిచ్చిన వస్తువు పట్టుకుంటున్నాడా, జారుస్తున్నాడా? చూశాక నేరుగా పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేవాణ్ణి. నన్ను చూస్తే కొందరు పారిపోయేవారు. అందులో నాకు గర్వం ఉండేది, కాదనను.

రిటైరయ్యాక ఒక ప్రైవేటు క్లినిక్‌లో చేరాను. అక్కడి డాక్టరు కైరోప్రాక్టర్. అంటే మందులూ ఇంజెక్షన్లూ లేకుండా మెడ ఎముకలనీ వెన్నెముకనీ చేత్తో సరిచేస్తారు. కండరాలు బిగుసుకుని ఉంటే ఆ పని కుదరదు. అందుకని ముందుగా నేను పావుగంట వీపూ భుజాలూ మాలిష్ చేసి వదులు చేసేవాణ్ణి. తర్వాత ఆయన తన పని చేసేవారు. రెండేళ్ళు బాగానే నడిచింది.

అప్పుడొచ్చింది ఆ మంచం. చూడ్డానికి ఆస్పత్రి మంచంలాగే ఉంటుంది, కాస్త ఎత్తు. లోపల గోరువెచ్చటి నీళ్ళ తొట్టె. పైన దళసరి రబ్బరు షీటు. మనిషి బట్టలతోనే వెల్లకిలా పడుకుంటే, షీటు కింద నీళ్ళు ధారలుగా పైకి కొడుతూ మెడ నుంచి మడమల దాకా తిరుగుతాయి. ఒక్క చుక్క కూడా ఒంటికి తగలదు. దాన్ని డ్రై వాటర్ మసాజ్ అంటారు. మేం నీళ్ళ మంచం అనేవాళ్ళం. పావుగంట దాని మీద, ఆ తర్వాత డాక్టరుగారి చేతుల్లో. మధ్యలో నేను లేను.

దాన్ని నడపడానికి ఒక అమ్మాయిని పెట్టారు. పక్కనే ఉన్న చరోదా రైల్వే కాలనీ పిల్ల, ఇరవై నాలుగేళ్ళుంటాయి. తండ్రి రైల్వేలో. ఇక్కడే పుట్టింది కాబట్టి తెలుగు మాట్లాడుతూ మాట్లాడుతూ హిందీలోకి జారిపోయేది. మొదటిరోజు నాకు నమస్కారం పెట్టి, "అంకుల్, మీరు చాలా సీనియర్ అంట కదా, నాకు కొంచెం సిఖాయించండి," అంది. నేను, "మిషనే అన్నీ చేస్తుంది గదమ్మా, నేనేం నేర్పిస్తాను," అన్నాను. ఆమె మళ్ళీ అడగలేదు.

ఆ మంచం పనికిరానిదని నేను ఎవరికైనా చెప్పివుంటే, అది అబద్ధం. ఒకరోజు మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు నేనే ఎక్కి పడుకున్నాను. నిద్రపోయాను. లేచేసరికి ఏళ్ళ తరబడి ఉన్న నడుం నొప్పి సగానికి తగ్గింది. దిగి, షీటు మీద ముడతలు సరిచేసి, మర్నాడు మళ్ళీ అందరితో దాన్ని వెక్కిరించాను.

ఇక ఆ బుధవారం సంగతి. తప్పు నాదే. ఎవరూ అడక్కుండానే ఒక వ్యాపారి భార్యకి వీపు తడిమి చూసి, ఎముక చెడిపోయినట్టుంది, పెద్దాస్పత్రికి వెళ్ళండి అన్నాను. ఆవిడ రాయ్‌పూర్ దాకా వెళ్ళి అన్ని పరీక్షలూ చేయించుకుంది. ఏమీ లేదు. భర్త వచ్చి డాక్టరుగారి మీద విరుచుకుపడ్డాడు. ఆ తర్వాతే నాకు ఆ ఆదేశం వచ్చింది. ఇప్పుడు ఆలోచిస్తే, ఆయన నన్ను తీసేయాల్సింది, తీసేయలేదు. అప్పుడు నాకు కనబడింది మాత్రం ఆ ఇద్దరి నవ్వులే. నేను మనసులో అనుకున్నాను: సరే, మాట్లాడొద్దన్నారు కదా. మాట్లాడను. చూద్దాం, ఎన్నాళ్ళు నడుస్తుందో.

దాదాపు నెల తర్వాత, సోమవారం. అరల పక్కన స్టూలు మీద కూర్చుని టవళ్ళు మడతపెడుతున్నాను. కిటికీలోంచి బయట ర్యాంపు కనబడుతుంది. ఆటోలోంచి ఒక పెద్దాయన దిగాడు, వెనకాల భార్య. మనిషిని గుర్తుపట్టాను. క్యాంప్ వన్ బస్తీలో ఉంటాడు, శ్రీకాకుళం వైపు మనిషి. ప్లాంటు మిల్లులో ముప్ఫై ఏళ్ళు పైన క్రేన్ క్యాబిన్‌లో కూర్చుని కిందకి వంగి చూస్తూ ఇనుము మోసినవాడు. ప్లాంటు ఆస్పత్రి రోజుల్లో నన్ను ఎప్పుడూ "కంపౌండరూ" అని పిలిచేవాడు. కంపౌండర్ని కాను, టెక్నీషియన్ని అని ఎన్నిసార్లు చెప్పినా "ఏదో ఒకటిలే" అనేవాడు. అదీ నాకు గుర్తే.

ర్యాంపు మీద అతని ఎడమ కాలి చెప్పు ఊడిపోయింది. అతను ఆగలేదు. ఒట్టి కాలితో నాలుగడుగులు వేశాడు. అది మార్చి ఆఖరు, సిమెంటు కాలుతోంది. అయినా తెలియలేదు. భార్య చెప్పు తీసి పట్టుకుని వెనకాలే వచ్చింది. "మల్లీ ఇడిసీసినావా? నీ ఎనక సెప్పులు ఏరుకోడానికే సరిపోతంది నా బతుకు!"

"కొత్త సెప్పులే, వదులు," అన్నాడతను నవ్వుతూ.

కొత్తవి కావు. మడమ దగ్గర అరిగిపోయి ఉన్నాయి.

లోపలికొచ్చి నన్ను చూశాడు. "ఏటి కంపౌండరూ, ఇక్కడున్నావేటి!"

నేను తలూపి టవలు అందించాను. చేతిలోంచి జారిపోయింది. వంగి తీసుకున్నాడు, రెండు చేతులతో.

అంతే. నాకు అంతకన్నా అక్కర్లేదు. కాలికి చెప్పు ఊడినా తెలియకపోవడం, వేళ్ళు పట్టు తప్పడం, రెండూ ఒకే మనిషిలో ఉంటే మెడలో వెన్నుపాము నలుగుతున్నట్టే. అలాంటి మెడ మీద చెయ్యి వేయకూడదు, ముందు స్కాన్ తీయించాలి. ఇది నేను ముప్ఫై రెండేళ్ళలో పదిహేనుసార్లయినా చూసివుంటాను.

అమ్మాయి ఫారం పట్టుకుని అతని ముందు కూర్చుంది. "అంకుల్, చేతులకి, కాళ్ళకి తిమ్మిర్లు ఉన్నాయా?"

"ఏటీ నేదమ్మా."

"నడిచేటప్పుడు బ్యాలెన్స్ పోతుందా?"

"ముప్పయ్యేళ్ళు క్రేన్ నడిపినోణ్ణి బ్యాలెన్స్ అడుగుతున్నావేటి? మెడ నొప్పి, అంతే. మీ సారు ఒక్క నొక్కు నొక్కితే సరిపోద్దని మావోడు సెప్పినాడు."

భార్య ఏదో అనబోయింది. అతను ఆమె వైపు చూశాడు. ఆమె నోరు మూసుకుంది. అమ్మాయి అన్నిటికీ "లేదు" అని గీతలు పెట్టింది. పెట్టి, వెంటనే లేవలేదు. అతని పాదాల వైపు చూసింది. టవలు తీసుకునే వంకతో నా దగ్గరికొచ్చి, మెల్లిగా అడిగింది.

"అంకుల్, ఆయన నడిచే చాల్ కొంచెం ఎలాగో ఉంది కదా? మీకేమైనా అనిపించిందా? సార్‌కి చెప్పనా?"

ఆ పిల్ల చూడగలిగింది. ఎవరూ నేర్పకుండానే. నేను ఒక్కసారి తలూపితే చాలు.

నేనేమన్నానో అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "నాకేం తెలుసండీ? నేను టవళ్ళవాణ్ణి. ఆపరేటరు మీరు." అండీ అని, మీరు అని, కావాలనే.

ఆమె మొహం ఎర్రబడింది. టవలు తీసుకుని వెళ్ళిపోయింది.

నీళ్ళ మంచం మీద ఆ పెద్దాయన పావుగంట హాయిగా నవ్వాడు. "ఓలప్పా, కింద సేపలు ఈదుతున్నట్టుందే! రా, నువ్వు కూడా తొంగో!" అని భార్యని పిలిచాడు. ఆవిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దిగేసరికి నొప్పి సగం పోయిందన్నాడు. బిగుసుకున్న కండరాలే అన్నాళ్ళూ ఆ మెడని కాపాడుతున్నాయి. అవి మెత్తబడ్డాయి. మామూలుగా డాక్టరుగారు చిన్న సుత్తితో మోకాళ్ళూ మోచేతులూ తట్టి చూస్తారు. ఆరోజు బయట జనం ఎక్కువ. ఫారం చూశారు, అన్నీ "లేదు". గదిలోకి తీసుకెళ్ళారు.

నేను టవళ్ళు మడతపెడుతూనే ఉన్నాను. తలుపు దాకా ఆరడుగులు ఉంటుందేమో. లేవాలనిపించింది. నిజంగా అనిపించింది. అప్పుడు ఆ ఇద్దరి నవ్వూ గుర్తొచ్చింది. లేవలేదు.

పది నిమిషాల తర్వాత అతను గోడ పట్టుకుని బయటికొచ్చాడు. బెంచీ దాకా వచ్చి కూలబడ్డాడు. "ఒసే," అన్నాడు భార్యతో, "కాళ్ళు నావి కావే." ఆమె నవ్వబోయి ఆగిపోయింది. టీ గ్లాసు ఎవరో అందించారు. వేళ్ళు దాని చుట్టూ మూసుకోలేదు. గదిలోంచి వచ్చిన డాక్టరుగారి మొహంలో రక్తం లేదు. అంబులెన్సు వచ్చేదాకా నేను అతని తల కదలకుండా రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. అతను నా వైపు చూస్తూ అన్నాడు, "పరవాలేదులే కంపౌండరూ, నువ్వున్నావు గదా."

రాయ్‌పూర్‌లో ఆపరేషన్ చేశారు. బతికాడు. ఆ మెడ ఎప్పటినుంచో నలుగుతోందని, ఆటో కుదుపుకైనా ఇలా జరగొచ్చని అక్కడి వాళ్ళు చెప్పారు. జరగొచ్చు. కానీ ఆటోలో జరగలేదు.

డాక్టరుగారు అందరినీ జరిగింది రాసిమ్మన్నారు. నేను రాశాను: "పేషెంట్లతో మాట్లాడరాదని నాకు ఆదేశం ఉన్నది. కాబట్టి నేను మాట్లాడలేదు." ఒక్క అబద్ధం లేదు. రాసి, రెండుసార్లు చదువుకున్నాను. తృప్తిగా అనిపించింది. 

ఫారం నింపింది అమ్మాయి కాబట్టి ఆమెను తీసేశారు. వారం తిరక్కుండా ఆ నీళ్ళ మంచం నాకు అప్పజెప్పారు. ప్రశ్నలు అడిగే పని కూడా. "అంకుల్‌జీ, ఆప్ హోతే తో యే నహీ హోతా," అన్నారు డాక్టరుగారు. మీరు చూసుకుని ఉంటే ఇలా జరిగేది కాదు అని. ఆ మంచం వచ్చినప్పటినుంచీ ఏ మాట వినాలని ఎదురుచూశానో ఆ మాట. అది నాకు చెందదని నాకు తెలుసు. అయినా వెళ్ళి ఆ అమ్మాయి కుర్చీలో కూర్చున్నాను. నాలుగు నెలలు కూర్చున్నాను.

ఒకరోజు ఆ పెద్దాయన భార్య పాత ఎక్స్‌రే ఫిల్ములు అడగడానికి వచ్చింది. ఎలా ఉన్నాడమ్మా అన్నాను.

"వాకరు పట్టుకుని గుమ్మం దాకా వత్తన్నాడు బావూ. వేళ్ళే, మాట ఇనడం నేదు. ఆ పిల్ల వచ్చి కసరత్తులు సేయిత్తంది గదా, కొంచెం నయం."

"ఏ పిల్ల?"

"ఇక్కడ ఉండీది కాదేటి, సరోదా పిల్ల. ఆదివారం సర్చి అయిపోగానే వచ్చీత్తది. తొలీసారి వచ్చినప్పుడు నాను తలుపు తియ్యనేదు. తిట్టినాను. గుమ్మంలోనే కూకుండిపోయింది. మూడో వారం తీసినాను."

ఆ ఆదివారం నేను క్యాంప్ వన్ వెళ్ళాను. ఇరుకు సందు, రెండు గదుల ఇల్లు. మంచం మీద ఆయన, ఎదురుగా నేల మీద ఆ అమ్మాయి. ఒక గిన్నెలోంచి రాజ్మా గింజలు ఆయన వేళ్ళతో ఒక్కొక్కటీ తీయించి ఇంకో గిన్నెలో పెట్టిస్తోంది. నన్ను చూసి లేచి నిలబడింది. ఆయన, "రా రా కంపౌండరూ! ఈ పిల్ల నా సేత వంటపని సేయిత్తంది సూడు," అన్నాడు. భార్య నా ముందు టీ గ్లాసు పెట్టింది.

టీ తాగాక చెబుదామనుకున్నాను. అలా అనుకుంటే చెప్పలేనని తెలిసి, ముందే చెప్పేశాను. చెప్పు ఊడటం చూశాను. టవలు జారటం చూశాను. అదేమిటో నాకు తెలుసు. ఈ పిల్ల వచ్చి అడిగింది కూడా. కోపం కొద్దీ చెప్పలేదు. ఈ పిల్ల తప్పేం లేదు.

 ఒక గింజ మంచం కిందకి దొర్లిపోయింది.

"అడిగినా నాను సెప్పీవోణ్ణి కాదు," అన్నాడాయన. "అడిగింది గదా, సెప్పినానా?"

అక్కడితో వదిలేస్తాడేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాను.

"గానీ నీకు సెప్పక్కర్నేదు గదా," అన్నాడు. "మిల్లులో మేవందరం అనుకునీవోళ్ళం. నీ డ్యూటీ ఉన్న రోజు ఆస్పత్రికే వచ్చీవోళ్ళం కాదు. నీ కంట్లో పడితే దాగదని. ఆరోజు నిన్ను సూసి నాకు గుండె దడదడలాడింది, పట్టీసుకుంటాడురా బాబూ అని. నువ్వు ఊరుకున్నావు. అమ్మయ్య, నాకేటీ నేదు, అనుకున్నాను."

భార్య వచ్చి నా ముందున్న గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. నేను ఇంకా ముట్టుకోలేదు. ఆవిడ తిరిగి రాలేదు. ఎవరెవరు ఎప్పుడెప్పుడు ఏమేం అవమానం చేశారో చెప్పమంటే నేను వరసగా చెప్పగలను. ఇది ఆ వరసలో చేర్చుకునే హక్కు నాకు లేదు.

ఆయన గిన్నె వైపు తిరిగాడు. నేను లేచాను.

అమ్మాయి సందు చివరిదాకా వచ్చింది. ఆటోల దగ్గర ఆగి అడిగాను, "నన్ను అడిగానని డాక్టరుగారికి ఎందుకు చెప్పలేదమ్మా? చెప్పి ఉంటే నీ ఉద్యోగం పోయేది కాదు."

"చెప్పాను అంకుల్. అదేరోజు సాయంత్రం చెప్పాను."

"మరి?"

"సార్ నమ్మలేదు." ఆమె నా మొహం వైపు చూడకుండా రోడ్డు వైపు చూస్తూ అంది. "వో ఆద్మీ చుప్ రెహనే వాలా హై క్యా, ఆయన ఊరుకునే మనిషా, అన్నారు. టవలుకి మరక ఉంటేనే పది మందికి చెప్తారు, ఇంత పెద్ద విషయం చూసి ఊరుకుంటారా, నువ్వు అంకుల్‌జీ మీద నెట్టేస్తున్నావు, అన్నారు. నేను కూడా ఆరోజు అలాగే అనుకున్నాను అంకుల్. మీరు ఊరుకున్నారంటే ఏమీ లేనట్టే అని. అందుకే ఫారం ఇచ్చేశాను."

"రేపు పొద్దున్నే సార్‌కి చెప్తానమ్మా."

"చెప్పండి," అంది. చరోదా ఆటో వచ్చింది. ఎక్కి కూర్చుని, దుపట్టా సర్దుకుని, "మీరు చెప్తే నమ్ముతారు," అంది. అందులో వెటకారం ఉందేమోనని వెతికాను. లేదు.

మర్నాడు చెప్పాను. డాక్టరుగారు వెంటనే నమ్మారు. నా ఎదురుగానే ఆమెకు ఫోన్ చేశారు. క్షమించమని అడిగారు, రేపట్నుంచి రమ్మన్నారు. ఫోన్‌లో ఆమె గొంతు నాకు వినబడుతూనే ఉంది. రాను సార్ అంది. నిన్న ఆ పెద్దాయన కుడిచేత్తో పదకొండు గింజలు తీశారని చెప్పింది.